బూడిద అట్ట, రెండో వైపు

“ఇందులోనూ లేదు,” అంది వదిన, ఇంకో రికార్డు అట్టని తలకిందులుగా పట్టుకుని దులిపి.

అట్టలోంచి జారిన చీటీని చదివి మోకాలి పక్కనున్న కుప్పలో పడేసింది. ఆ కుప్పలో అప్పటికే యాభై దాకా చీటీలున్నాయి. వేరేవాళ్ళ చీటీలు వదిలేసి ఆమె తన భర్త చేతిరాతవే ఏరుతోంది. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, అక్షరాలు కూడా నట్లు బిగించినట్టు గట్టిగా, దేనికది విడిగా ఉంటాయి.

గురువారం పొద్దున పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళిన ఆ మనిషి, శనివారం మధ్యాహ్నం రెండు దాటినా ఇంటికి రాలేదు. ఫోను లేదు, కబురు లేదు. వదిన అలమరాలో ఉన్న రికార్డులన్నీ నాలుగు సంచుల్లో నింపుకుని ఆడపడుచు ఇంటికి మోసుకొచ్చింది. ఆయన మనసులో ఏముందో ఈ అట్టల్లో తప్ప ఇంకెక్కడా దొరకదని ఆవిడ నమ్మకం. పదిహేడేళ్ళు కాపురం చేసిన ఇల్లాలికి అలాంటి నమ్మకం కలగడం ఎంత అన్యాయమో ఆ గదిలో ఎవరికీ తోచలేదు.

“మళ్ళీ చెయ్యండి,” అంది చెల్లెలు, సోఫా చివర కూర్చున్న తన భర్తతో. తప్పిపోయింది ఆమె తోడబుట్టిన అన్నయ్య.

“ఇప్పుడే కదా చేశాను. స్విచాఫ్.”

“మళ్ళీ చెయ్యమంటున్నాను.”

కళ్ళద్దాలాయన బావ నంబరు మళ్ళీ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, దించేశాడు. ఆయనకి సొంత కళ్ళద్దాల షాపుంది. అద్దాలు అరగదీసి ఊరందరి చూపూ సరిచేస్తాడు. చూపు సంగతి ఎలా ఉన్నా, తన చెవుల మీద మాత్రం ఆయనకి మహా గొప్ప నమ్మకం.

“స్టేషన్‌లో ఏమన్నారు వదినా?”

“పెద్దవాళ్ళు కదమ్మా, కోపం తగ్గాక వస్తారు అన్నారు. కోపం ఎవరి మీద అని అడిగాను. మీకే తెలియాలి అన్నారు.”

“అన్నయ్యకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.”

“నేనూ చూడలేదు. అదే నా భయం.”

కళ్ళద్దాలాయన లేచి కిటికీ దాకా వెళ్ళి, అక్కడేమీ పని లేక తిరిగొచ్చాడు. పొద్దుటినుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. బావ మీద బెంగ అనుకుంది భార్య. బెంగ ఉన్నమాట నిజమే. దానికింద ఇంకోటుంది. అది బయటపడకుండా ఉంటే చాలని ఆయన లోపల్లోపల మొక్కుకుంటున్నాడు.

ఈ జాజ్ సంగీతం పిచ్చి మనుషుల పద్ధతి తెలియకపోతే ఆ ఇంకోటేమిటో అర్థం కాదు. వాళ్ళు నలుగురు. ఈ కళ్ళద్దాలాయన, ఆయన బావ, ఒక బస్సు డ్రైవరు, ఒక పళ్ళ డాక్టరమ్మ. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఇదే గదిలో చేరతారు. ప్రతివాళ్ళూ తమకి బాగా నచ్చిన రికార్డు ఒకటి తెస్తారు. అది వారానికొకరి ఇంటికి చేతులు మారుతూ, నలుగురూ విన్నాక సొంతదారుకి చేరుతుంది. విన్నవాళ్ళు చీటీ రాయాలి, తెచ్చినవాడితో సహా. మొదటి వైపు గురించి రాసింది అట్టలో పెట్టాలి. రెండో వైపు గురించి రాసింది లోపలి కాగితం సంచిలో పెట్టాలి. రికార్డుని బయటికి తీసి తిప్పి వేసుకున్నవాడికి తప్ప ఆ రెండోది కనపడదు.

ఇంకే నియమాలూ లేవు. ఆలస్యంగా రావచ్చు, అరవొచ్చు, ఎదుటివాడి రికార్డుని దుమ్మెత్తిపోయొచ్చు. వినకుండా చీటీ మాత్రం రాయకూడదు.

వదిన సంచి అడుగునుంచి ఒక చిన్న నోటుబుక్కు తీసింది. అందులో ముందు పేజీల్లో ఆయన ఫోన్ నంబర్లు రాసుకున్నాడు, వెనక పేజీల్లో రికార్డుల జాబితా. వేలు పెట్టి లెక్కపెట్టింది.

“అరవై రెండుండాలి. అరవై ఒకటే ఉన్నాయి. బూడిద అట్ట లేదు.”

“అది డ్రైవరు దగ్గరుంది,” అన్నాడు కళ్ళద్దాలాయన, అవసరమైన దానికన్నా తొందరగా. “పోయిన ఆదివారం నేనే ఇచ్చాను. అందులో ఏముంటుంది చెల్లెమ్మా.”

“అది ఆయన ప్రాణం అన్నయ్యగారూ. ఈ రెండు నెలల్లో, మీకిచ్చే వరకూ అదొక్కటే పెట్టుకున్నారు. పక్కింటివాళ్ళు వచ్చి అడిగేదాకా పెట్టుకున్నారు.”

“మీ దగ్గర వారం ఉంది కదా,” అంది చెల్లెలు. “లోపల అన్నయ్య చీటీ ఉందా?”

“ఉండే ఉంటుంది.”

“ఉండే ఉంటుందేమిటి? మీరు విన్నారు కదా?”

“విన్నాను. మామూలు చీటీయే. అంత గుర్తులేదు.”

చెల్లెలు ఆయన మొహంలోకి చూసింది. ఇరవై ఏళ్ళ సంసారం. ఆయన నీళ్ళు నమిలితే ఆమెకి తెలుస్తుంది.

“నేనతనికి ఫోన్ చేశాను,” అంది. “డ్యూటీ దిగి వస్తున్నాడు. ఆ రికార్డు కూడా తెమ్మన్నాను.”

కళ్ళద్దాలాయన సోఫాలో కూలబడ్డాడు.

ఆయనకి మూడు ఆదివారాల కిందటి మధ్యాహ్నం గుర్తొచ్చింది. బావ ఆ బూడిద రంగు అట్ట తెచ్చి, “ఇవాళ రెండో వైపు ఒక్కటి విందాం, ఇంకేం వద్దు,” అన్నాడు. అట్ట మీద ముందూ వెనకా ఒక్క అక్షరం లేదు. ఎవరో ఒక చిన్న హాల్లో ఒక్కడే శాక్సఫోన్ వాయించాడట, పక్కన తబలా లేదు, డ్రమ్ము లేదు, ఇంకో మనిషి లేడు. “ఒక్కడే కూర్చుని గొణుక్కుంటే దాన్ని జాజ్ అనరు బావా, నిద్రలో మాట్లాడ్డం అంటారు,” అన్నాడు ఈయన. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఆ రోజు టైము చాల్లేదని రెండో వైపు పెట్టనే లేదు.

మరుసటి ఆదివారం రికార్డు ఈయన చేతికొచ్చింది. వారమంతా షాపు బల్ల కింద పడుంది.

తలుపు చప్పుడైంది. డ్రైవరు వచ్చాడు, ఖాకీ చొక్కా చెమటకి వీపుకంటుకుని ఉంది. అతన్ని బృందంలో రెండో గేరు అంటారు. నెమ్మదిగా నడిచే పాట తప్ప ఇంకేదీ అతనికి ఎక్కదు. మాటా అంతే. గోనెసంచీలోంచి బూడిద అట్ట తీసి, ఎవరికివ్వాలో తెలియక, బల్లమీద పెట్టాడు.

“సారు జాడ తెలిసిందా అమ్మా?”

“లేదు. నువ్వు దీన్ని విన్నావా?” అంది చెల్లెలు.

“మంగళవారం విన్నానమ్మా.”

“లోపల చీటీ ఉందా?”

డ్రైవరు కళ్ళద్దాలాయన వైపు చూశాడు. కళ్ళద్దాలాయన నేల వైపు చూశాడు.

“ఈ సారు చదివే ఉంటారు కదమ్మా,” అన్నాడు డ్రైవరు. “అది ఈ సారుకి రాసిందే.”

వదిన అప్పటికే అట్ట అందుకుంది. పైనున్న చీటీ ముందు చేతికొచ్చింది. అది కళ్ళద్దాలాయన రాత. పైకే చదివింది.

“‘విన్నాను. మొదటి వైపు ఫరవాలేదు. రెండో వైపు మొదటి దానికన్నా నయం, కానీ మూడో పాట సాగదీశాడు.’”

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

“రెండో వైపు ఒకటే పాట సార్.”

అంత మెత్తగా అన్నాడు. కళ్ళద్దాలాయనకి తల తీసేసినట్టయింది.

“ఒకటే పాటా?” అంది చెల్లెలు.

“ఈ చివరనుంచి ఆ చివరదాకా ఒకటేనమ్మా. పద్దెనిమిది నిమిషాలు.”

చెల్లెలు భర్త వైపు తిరిగింది. అరవలేదు. “మీరు వినలేదు,” అంది.

ఆయన తల ఊపాడు.

వదిన లోపలి కాగితం సంచిలో రెండు వేళ్ళు పెట్టి మడత పెట్టిన కాగితం తీసింది. విప్పి చూసింది. చదవలేక, ఆడపడుచుకిచ్చింది. చెల్లెలు నిలబడే చదివింది.

“‘బావా, ఈ చీటీ అందరికీ కాదు, నీకొక్కడికే. ఈ వైపంతా ఒకటే పాట. ఒక్కడే వాయిస్తాడు. పదకొండో నిమిషంలో ఎవరికోసమో ఆగుతాడు. ఎవరికోసమో నాకు తెలుసు. నీకూ వినిపిస్తే చెప్పు.

“‘ఇంకో సంగతి. ఆ బట్టల షాపు లిఫ్టు తనిఖీ కార్డు మీద సంతకం పెట్టేముందు నేను పైకెక్కి చూడలేదు. తాడు చూశానని అందరికీ చెప్పాను. చూడలేదు. ఆ రోజు మన ఆదివారానికి ఆలస్యమవుతోందని కిందనుంచే సంతకం పెట్టేశాను...’”

చెల్లెలు చదవడం ఆపింది. రెండు నెలల కిందట ఆ లిఫ్టు రెండో అంతస్తునుంచి తెగి పడింది. లోపల ఆ షాపులో బట్టలు ఇస్త్రీ చేసే అమ్మాయి ఉంది. నడుము విరిగింది. తాడు తయారీలోనే లోపం ఉందని విచారణ చేసినవాళ్ళు తేల్చారు. తప్పు మెకానిక్‌దేనని షాపువాళ్ళు గోల పెడితే ఈ చెల్లెలే వాళ్ళ గుమ్మంలో నిలబడి, “మా అన్నయ్య సంతకం పెట్టాడంటే పైకెక్కి చూసే పెడతాడు,” అని నలుగురిలో కడిగిపారేసింది.

“చదువు,” అంది వదిన.

“‘...చెల్లి నా తరఫున అందరితో పోట్లాడుతుంటే నోరు పెగల్లేదు. ఇంట్లో మా ఆవిడకి చెబితే ఆమె మొహం నేను చూడలేను. ఆ అమ్మాయి ఇంక నడవదట. రోజూ ఆసుపత్రి గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తున్నాను. ఎవరో ఒకరు నాతో లోపలికి రావాలి బావా. నువ్వొస్తావని రాస్తున్నాను. వచ్చే బుధవారం తర్వాత బుధవారం దాకా చూస్తాను. రాకపోతే ఆయన ఆగినచోట నేనూ ఆగిపోతాను.’”

బుధవారం వెళ్ళిపోయి మూడు రోజులైంది.

“మంగళవారం చదివావా దీన్ని?” అంది చెల్లెలు డ్రైవరుతో. “మంగళవారం చదివి ఊరుకున్నావా?”

డ్రైవరు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “ఈ సారు విన్నానని రాశారు కదమ్మా. విన్నవాళ్ళు ఇది చూడకుండా ఉండరు. పెద్దవాళ్ళు, లోపల్లోపల మాట్లాడుకునే ఉంటారనుకున్నాను. మూడో పాట అని రాయడం చూసి అనుమానమొచ్చింది. అడిగితే బాగోదని...”

“ఆగిపోతాను అని రాస్తే?”

“మేం అలాగే రాసుకుంటామమ్మా. నేనూ ఎన్నిసార్లో రాశాను, ఈ పాటలో మునిగిపోయాను, ఈ ముక్క దగ్గర చచ్చిపోయాను అని. లిఫ్టు సారు చాలా బాగా రాశారనుకున్నాను.” అతను కాగితం అడుగువైపు చూపించాడు. “బాగా రాశారని కింద టిక్కు కూడా పెట్టానమ్మా.”

కాగితం కింద నిజంగానే పెన్సిలుతో ఒక టిక్కుంది.

వదిన ఆ టిక్కు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత కళ్ళద్దాలాయనతో, “పోయిన ఆదివారం మీరు ఆ చీటీ అందరిలో చదివారా అన్నయ్యగారూ?” అంది.

“చదివాను.”

“ఆయన ఎదురుగా?”

“ఊఁ.”

“ఏమన్నారు?”

ఆయనకి చెప్పక తప్పలేదు. “పదకొండో నిమిషం ఎలా ఉంది బావా అని అడిగాడు.”

“మీరేమన్నారు?”

“బాగానే పట్టాడు అన్నాను.”

“దానికాయన?”

“నేను చేసిచ్చిన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. సరే బావా అన్నాడు.”

వదిన ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. “ఆ రాత్రి... ఆ ఆదివారం ఇంటికొచ్చి నాతో అన్నారు,” అంది. “బావ విన్నాట్ట, కానీ ఏమీ వినపడలేదట అని. ఏదో మీ పాటల గోల అనుకుని నేను పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.”

చెల్లెలు రికార్డు ప్లేయర్ మూత ఎత్తింది.

“పెట్టండి,” అంది భర్తతో.

“ఇప్పుడా?”

“అన్నయ్య ఎక్కడ ఆగిపోతానన్నాడో అందులో ఉందంటున్నాడు. కంపెనీవాళ్ళ జాబితాలో ఉన్న పద్నాలుగు బిల్డింగులకీ ఫోన్ చేశాం. ఆసుపత్రులన్నీ అయ్యాయి. ఇంకెక్కడ వెతకమంటారు? పెట్టండి. ఆ పదకొండో నిమిషం దగ్గర పెట్టండి.”

కళ్ళద్దాలాయన రికార్డు తీసి ప్లేయర్ మీద వేశాడు. ముల్లుని సగం దాకా తీసుకెళ్ళాడు. ఎక్కడ దించాలో తెలియక గీతల మీదికి వంగి చూశాడు.

“వద్దు సార్,” అన్నాడు డ్రైవరు. “మధ్యలో ఖాళీ గీతలు లేవు, ఎక్కడని దించుతారు? చెయ్యి జారితే అక్కడే గీసుకుపోతుంది. ఆ ముక్క ఇంకెప్పటికీ వినపడదు. మొదట్నుంచి పెట్టండి.”

“పదకొండు నిమిషాలా?” అంది చెల్లెలు.

“పదకొండు నిమిషాలేనమ్మా.”

ముల్లు అంచున దిగింది. కాసేపు గరగర. ఎవరో దగ్గారు. తర్వాత శాక్సఫోన్ మొదలైంది, చాలా కింద, మాట వెతుక్కుంటున్న మనిషిలా.

నలుగురూ గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డారు. రెండూ ఇరవై నాలుగు.

ఎదురుచూడ్డం అందరికీ తెలిసిందే. కానీ మనిషి ప్రాణం ఎక్కడుందో తెలియకుండా, పాట దాని తీరికన అది నడుస్తుంటే, దాన్ని తొందరపెట్టే వీలు లేకుండా నిలబడ్డం పగవాడికి కూడా వద్దు.

మూడో నిమిషంలో చెల్లెలు అంది, “షాపు బల్ల కింద పెట్టారా?”

“ఊఁ.”

“వారమంతా?”

“అతని మీద పంతం. నా రికార్డుని పోయిన నెల్లో పెళ్ళి బ్యాండు అన్నాడు. అందుకని.”

“అందుకని.”

“చిన్న విషయం అనుకున్నాను. ఎవరికి నష్టం అనుకున్నాను.”

“అన్నయ్య కూడా అదే అనుకునుంటాడు,” అంది చెల్లెలు. “ఆ కార్డు మీద సంతకం పెట్టినప్పుడు.”

శాక్సఫోన్ ఒక్కొక్క మెట్టే ఎక్కుతోంది. అది గొణుగుడు కాదని ఆయనకి ఆ క్షణంలోనే తెలిసింది. ఎవరో ఒక మనిషి జవాబు రాని ప్రశ్నని తిప్పి తిప్పి అడుగుతున్నాడు. ఆయనకి సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోయింది.

“ఆయన నాతో చెప్పొచ్చు కదా,” అంది వదిన, ఎవరితోనూ కాకుండా. “నేనేమన్నా తిడతానా? తిడతాను. తిట్టాక చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని కదా.”

“నేను పోట్లాడకుండా ఉంటే చెప్పేవాడు వదినా,” అంది చెల్లెలు. “నేనే అన్నయ్య నోరు కుట్టేశాను.”

“ఇప్పుడివన్నీ ఎందుకమ్మా,” అన్నాడు డ్రైవరు.

“మరేం చెయ్యమంటావయ్యా, ఇంకా ఆరు నిమిషాలుంది.”

ఆరో నిమిషం, ఏడో నిమిషం, ఎనిమిది. వదిన నోటుబుక్కుని రెండు చేతుల మధ్యా పెట్టుకుని నలుపుతోంది. వీధిలో ఏదో బండి హారన్ కొడితే డ్రైవరు గబగబా వెళ్ళి కిటికీ మూసేశాడు. ఫ్యాను కూడా ఆపేశాడు. తన ఇంట్లో విన్నప్పుడు ఫ్యాను ఆపలేదని అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

పదో నిమిషం దాటింది. శాక్సఫోన్ పైకి, ఇంకా పైకి వెళ్ళింది. అక్కడ ఠక్కున ఆగింది.

వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. హాలంతా నిశ్శబ్దం. అయిదు క్షణాలు, పది క్షణాలు. మళ్ళీ శాక్సఫోన్ అందుకుంది, ఈసారి కింది స్వరంలో.

“ఏముంది?” అంది చెల్లెలు. “ఏం వినిపించింది?”

“ఏమీ లేదు,” అన్నాడు కళ్ళద్దాలాయన. నిజంగానే ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాడు. “ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. నాలుగు మెట్లు దిగి అందుకున్నాడు. అంతే.”

“నాకూ అంతేనమ్మా,” అన్నాడు డ్రైవరు.

వదిన నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“మళ్ళీ పెట్టండి అన్నయ్యగారూ. ఆ ఒక్క ముక్క.”

“చెల్లెమ్మా, గీత పడితే...”

“పడనివ్వండి.”

ఆయన ముల్లెత్తి, ఊపిరి బిగబట్టి, గోరంత వెనక్కి దించాడు. శాక్సఫోన్ పైకెళ్ళింది. ఆగింది. ఊపిరి. ఆ నిశ్శబ్దంలో, హాలు గోడ అవతల ఎక్కడో, ఇనప గేటు లాగిన చప్పుడు. టకటకటక మని కొంచెం వచ్చి, సగంలో పట్టేసి, టక్కున మూసుకుంది. తర్వాత మోటారు మూలుగు. వాయించేవాడు ఆ మూలుగు స్వరాన్నే పట్టుకుని మళ్ళీ మొదలెట్టాడు.

“లిఫ్టు,” అంది వదిన.

కళ్ళద్దాలాయన ఆవిడ వైపు చూశాడు. నలభై ఏళ్ళుగా రికార్డులు వింటున్నాడు ఆయన. ఆయన విన్నది వాయించినవాడి ఊపిరినే. ఈవిడ జన్మలో ఒక్క పాట పూర్తిగా వినలేదు.

“ఎవరో లిఫ్టులో వస్తున్నారు. వాళ్ళు వచ్చేదాకా ఆగాడాయన,” అంది వదిన. “సగంలో పట్టేసే ఆ గేటు నాకు తెలుసు. పాత బీమా బిల్డింగు లిఫ్టుకి అచ్చం అలాంటి గేటే. పెళ్ళయిన కొత్తలో దాని వెనకగదిలో మూడేళ్ళున్నాం. రోజుకి రెండొందల సార్లు వినేదాన్ని. ఈయన పని నేర్చుకున్నది దానిమీదే. ఊళ్ళో అలాంటిది ఇంక అదొక్కటే మిగిలిందని, కంపెనీకి తెలియకుండా వెళ్ళి నూనె వేసొస్తుండేవారు.”

“ఆ బిల్డింగు మూసేశారు కదా,” అంది చెల్లెలు.

“లేదమ్మా, మా బస్సు దానిముందే ఆగుతుంది,” అన్నాడు డ్రైవరు. “కింద కొరియర్ ఆఫీసుంది. పైనంతా ఖాళీ. పావుగంట దూరం.” అంటూనే గుమ్మం దాటాడు. చెల్లెలు చెప్పులు కూడా వేసుకోకుండా అతని వెనక మెట్లు దిగింది.

వదిన నోటుబుక్కు ముందు పేజీలు తిప్పింది. ‘బీమా వాచ్‌మన్’ అని ఉంది, నట్లు బిగించినట్టు. ఫోన్ కలిపి, చేతులాడక, స్పీకర్ పెట్టి బల్లమీద ఉంచింది.

“ఎవరండీ?” అంది ఒక ముసలి గొంతు.

“లిఫ్టు మెకానిక్ భార్యని. వెనకగదిలో ఉండేవాళ్ళం, గుర్తుందా?”

“అమ్మా, మీరా. నేనే చేద్దామనుకుంటున్నాను. సారు ఫోన్ కలవట్లేదు. లిఫ్టు గురువారం నుంచి ఆగిపోయిందమ్మా.”

వదిన బల్ల అంచు పట్టుకుంది. “ఎక్కడ ఆగింది?”

“నాలుగో అంతస్తుకి కొంచెం పైన. పైన ఎవరూ ఉండరు కదా, తొందరేముంది, సారే వచ్చి చూసుకుంటారని ఊరుకున్నాను.”

“లోపల ఎవరైనా ఉన్నారేమో చూశావా?”

“ఎవరుంటారమ్మా. నా మోకాళ్ళతో అన్ని మెట్లెక్కలేను. కిందనుంచి పిలిచాను, పలకలేదు. నిన్న సాయంత్రం దాకా పైన గేటు చప్పుడైతే అయింది, రెండుమూడు సార్లు. కిటికీలు పగిలున్నాయి, గాలికనుకున్నాను.”

“ఇవాళ?”

“ఇవాళ లేదమ్మా.”

వెనక శాక్సఫోన్ ఇంకా మోగుతూనే ఉంది. రికార్డు తెచ్చినవాడే ముల్లు ఎత్తాలని ఆ బృందంలో అలవాటు. తొమ్మిదేళ్ళలో ఎవరూ తప్పలేదు. కళ్ళద్దాలాయన చెయ్యి చాచి ముల్లు ఎత్తేశాడు.

“ఎలాగో ఒకలా పైకెక్కు బాబాయ్,” అంది వదిన ఫోనుతో. “నీ కాళ్ళు పట్టుకుంటాను. ఫోన్ పెట్టెయ్యకు. గేటు దగ్గర నిలబడి, పిలవకు. విను.”

“ఏం వినమంటారమ్మా?”

“ఊపిరి.”

ఫోన్లో అడుగుల చప్పుడు మొదలైంది. కాలీడ్చుకుంటూ, మెట్టుకో ఆయాసంతో. ఇక్కడ ఇద్దరూ బల్ల మీదికి వంగి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా విన్నారు. మొదటి అంతస్తు. రెండు. ముసలాయన నిలబడి దగ్గాడు. మూడు. ఎక్కడో పగిలిన కిటికీలో గాలి వీచింది.

నాలుగో అంతస్తు దగ్గర అడుగులు ఆగిపోయాయి.